చూడొద్దన్నప్పుడు

బొమ్మ ఒక్కటీ లేని కంప్యూటరు ఆటలున్నాయంటే ఈనాటి పిల్లలు నమ్మరు గాని, ఉన్నాయండీ. విల్ క్రౌథర్ అనే అమెరికన్ ఒక గుహ మీద అల్లిన 'అడ్వెంచర్' ఆటను 1977లో డాన్ వుడ్స్ పెంచి పెద్దది చేశాడు. తెర మీద నాలుగు వాక్యాలు వస్తాయి. 'ఉత్తరానికి వెళ్ళు', 'దీపం తీసుకో' అని మనం టైపు చెయ్యాలి. అంతే ఆట!

ఇందులో కొత్తవాళ్ళకు మొదట నేర్పే మాటల్లో 'చూడు' ఒకటి. గదిలో అడుగుపెడితే చూడు. పెట్టె కనబడితే చూడు. చూడనివాడికి కథ నడవదు.

ఈ ఆటనే జపాను పురాణంలో పెడితే వస్తుంది తిరకాసు. 712లో పూర్తయిన 'కొజికి'లో ఇజనాగి అనే దేవుడు, చనిపోయిన భార్య ఇజనామి కోసం యోమి అనే చీకటిలోకానికి వెళతాడు. అక్కడి దేవతల్ని అడిగొస్తాను, అందాకా నన్ను చూడొద్దంటుంది ఆవిడ. ఎంతకీ రాదు. ఆయన దువ్వెన పన్నొకటి విరిచి, వెలిగించి చూస్తాడు. పురుగులు పట్టిన దేహం! ఆయన పరుగు, అవమానంతో ఆవిడ వెంటపడటం, చివరికి దారికడ్డంగా బండరాయి. రోజుకు వెయ్యిమందిని చంపుతానని ఇటు ఆవిడ, రోజుకు పదిహేను వందల పురిటిళ్ళు వేయిస్తానని అటు ఆయన. లోకంలో చావుపుట్టుకల లెక్క ఆ తగవులోంచే వచ్చిందట.

ఇజనాగిది తప్పంటారా? ప్రేమకొద్దీ చూశాడు గదా అని మీరనొచ్చు. సరే, ఒప్పుకుందాం. మరి చూశాక పారిపోయాడే! నాకు మింగుడుపడనిది అదీ. ఒకరు దాచుకున్నది చూసి తీరాలనుకునేవాడు, చూశాక అక్కడ నిలబడే గుండె కూడా వెంట తెచ్చుకోవాలి గదా?

కొత్తవాళ్ళు బెదరకుండా ఇలాంటి ఆటలు చాలావాటిలో 'అన్‌డూ' అనే వెసులుబాటుంటుంది. ఆ మాట కొడితే దీపం ఆరిపోతుంది, ఇజనామి మళ్ళీ తలుపవతలే ఉంటుంది. ఆవిడకేమీ తెలియదు. కాని ఆడేవాడికి తెలుసు. వాడిప్పుడు బుద్ధిగా కాచుక్కూచున్నా, అది మాట నిలబెట్టుకోవడం అవుతుందా? లోపలేముందో తెలిసిన భయమూ కావచ్చు.

మనవాళ్ళు రోగిని పరామర్శించడానికెళ్ళి, "చూసి పోదామని వచ్చాం" అంటారు. ఎంత నిజాయితీ అయిన మాటండీ! చూడటం, పోవడం, రెండూ ముందే చెప్పేస్తారు. మంచంమీది మనిషి మాత్రం దుప్పటి గడ్డందాకా లాక్కుని, వీళ్ళలో ఎవరైనా కాస్సేపు కూర్చుంటారేమోనని చూస్తుంటాడు.