తూలిన మనస్సును నిలువబెట్టుట

కొట్టులో బస్తాలు దించుచుండగా ఒక గుమాస్తా కాలు జారి పడినచో, గల్లాపెట్టెవద్ద కూర్చున్న యజమాని మొదలు వీధిలోని బండివాని వరకు అందరును పరుగెత్తి వత్తురు. ఒకరు నీరు తెత్తురు. ఒకరు కట్టు కట్టుదురు. ఇంకొకరు వైద్యునికొరకు పోవుదురు. అదే గుమాస్తా మనస్సు కుంగి, నెల దినములనుండి సరిగా అన్నము తినక, పద్దు వ్రాయబోయి చేయి ఆడక కూర్చుండినచో, సోమరితనమని ఒకరు, గ్రహచారమని ఒకరు, ధైర్యము తెచ్చుకొమ్మని మరియొకరు పలికి తమ పనికి పోవుదురు. వీరందరును దయగలవారే. కాలు విరిగినవానికి ఏమి చేయవలెనో వారికి తెలియును. మనస్సు విరిగినవానికి ఏమి చేయవలెనో తెలియదు. తెలియక చేయకుండుటను క్షమింపవచ్చును. తెలిసికొను వీలుండియు తెలిసికొనకుండుట క్షమింపదగినదేనా? శ్రావకులు విచారింపవలసిన ధర్మప్రశ్న ఇది.

సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములు చెప్పబడినవి. వానిలో కొన్ని తన మనస్సును దిద్దుకొనుటకును, కొన్ని ఇతరులయెడల మెలగుటకును సంబంధించినవి. ఇతరుల దోషమును చాటకుండుట ఉపగూహనము. దీనినే ఉపబృంహణమనియు చెప్పుదురు. జారుచున్నవానిని మరల నిలువబెట్టుట స్థితీకరణము. సాధర్మికులను నిష్కపటముగా ప్రేమించుట వాత్సల్యము. స్థితీకరణము శాస్త్రమున దర్శన చారిత్రములనుండి జారువానినిగూర్చి చెప్పబడినది. మనోవ్యాధిగ్రస్తుడు ధర్మమునుండి జారినవాడు కాడు; అతడు రోగి. ఐనను నిలువబెట్టు విధానమును ఆ అంగమునుండియే నేర్చుకొనవచ్చును.

దిగంబర సంప్రదాయమున స్థితీకరణమునకు వారిషేణుని కథను చెప్పుదురు. శ్రేణిక మహారాజు కుమారుడైన వారిషేణుడు మునియయ్యెను. అతనివెంట దీక్ష గైకొన్న మిత్రుడు మాత్రము ఇంటిలో విడిచివచ్చిన భార్యను ఏండ్ల తరబడి మరువలేకపోయెను. వారిషేణుడు ఆ సంగతి కనిపెట్టి, మిత్రుని వెంటబెట్టుకొని తన పూర్వపు రాజభవనమునకు పోయి, తాను విడిచిన సంపదనంతయు చూపి, కావలెనన్న స్వీకరింపుమనెను. మిత్రుని మనస్సు తానుగనే కుదుటబడెను. వారిషేణుడు చేసినవి మూడు: మిత్రుని స్థితిని కనిపెట్టెను, నలుగురిలో నిందింపలేదు, దారి చెప్పి ఊరకుండక వెంట నడిచెను.

ఇచ్చట రెండాక్షేపణలు వచ్చును. ఎవరి కర్మ వారే అనుభవింపవలెను గదా, అందులో ఇతరులు చేయగలిగినదేమి అనునది మొదటిది. కాని ఈ మాట అనువారే బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి తెల్లవారువరకు ఆగరు. కర్మోదయమునకు నిమిత్తములుండునని ఒప్పుకొన్నప్పుడు, ఉపశమనమునకును నిమిత్తములుండునని ఒప్పుకొనవలెను. రోగులైన సాధువులకు చేయు సేవను, అనగా వైయావృత్యమును, అంతరంగ తపస్సులలో చేర్చినవారు రోగిని అతని కర్మకు విడిచిపెట్టుమని చెప్పియుండరు.

రెండవది ఇంకను బలమైనది. ఇంటి సంగతి వెలికి పొక్కినచో పిల్లల సంబంధములు చెడును, బజారులో అప్పు పుట్టదు. కాబట్టి దాచుటయే ఉపగూహనమని కొందరందురు. దాచువారి భయము ఉత్త భయము కాదు. పరువుమీద నడుచు వ్యాపారమున ఒక్క మాట ఎంత నష్టము చేయునో వర్తకులకు తెలియును. అందుచేతనే ఉపగూహనమునకు విలువ. కాని హేళన చేయువారినుండి సంగతిని దాచుట వేరు, నయము చేయువారినుండి మనిషిని దాచుట వేరు. మొదటిది రోగిని కాపాడును. రెండవది ఇంటి పేరును కాపాడి రోగిని పోగొట్టును. ప్రాణాపాయము కానవచ్చినప్పుడు, ఎవరికిని చెప్పనని ఇచ్చిన మాటకంటె ప్రాణము గొప్పది. అప్పుడు వైద్యునికి, ఇంటిలో నమ్మదగినవారికి చెప్పియే తీరవలెను.

దయకు తోడు నేర్పు కావలెను. ఈ నేర్పు పండితులకే పరిమితము కాదు. ఆస్ట్రేలియా దేశమున 2000 సంవత్సరమున బెట్టీ కిచెనర్, ఆమె భర్త ఆంథొనీ జోర్మ్ కలసి మానసిక ప్రథమ చికిత్స అను శిక్షణను ఆరంభించిరి. ఆమె స్వయముగా కుంగుబాటు వ్యాధిని అనుభవించినది. గాయమునకు కట్టు కట్టుట నేర్పినట్లే, సామాన్యులకు ఈ సాయమును నేర్పవచ్చునని వారి యభిప్రాయము. తరువాత ఆ శిక్షణ అనేక దేశములకు వ్యాపించినది. దాని సారము ఇంతే: దగ్గరకు పోవుట, తీర్పు చెప్పక వినుట, ఊరట కల్గించుట, వైద్యునివద్దకు పోవునట్లు ప్రోత్సహించుట, బంధుమిత్రుల తోడు కూర్చుట.

ఒక ఇంటిలో తమ్ముడు కొట్టుకు వచ్చుట మానినాడనుకొందము. నిద్ర లేదు, ఇష్టమైన పనులందును ఆసక్తి లేదు, తనవలన అందరికిని బరువే అనుచున్నాడు. ఇట్టి స్థితి రెండు వారములు దాటినచో ఉపేక్షింపరాదు. అన్న నలుగురిలో పిలిచి మందలించుటకు బదులు, కొట్టు మూసిన తరువాత ఒంటరిగా కూర్చుండి, "తమ్ముడూ, కొన్నాళ్లుగా చూస్తున్నాను. నీకు నిద్ర లేదు, తిండి లేదు. మనసులో ఏముందో చెప్పు, నేను వింటాను" అనవలెను. పిమ్మట నిజముగా వినవలెను. మధ్యలో తన కష్టములు చెప్పరాదు. ఇంతకంటె బాధపడువారు లేరా అనరాదు. బాకీల లెక్క తీయరాదు. అతడు మౌనముగా నున్నచో ఆ మౌనమును కొంతసేపు ఓర్చుకొనవలెను.

చచ్చిపోవలెనను తలంపు వచ్చుచున్నదా అని అడుగుటకు ఎల్లరును జంకుదురు. అడిగినచో లేని తలంపు పుట్టునని భయము. అది అపోహ. మెల్లగా, సూటిగా అడిగినచో ఆ తలంపు కొత్తగా పుట్టదు. ఉన్నవానికి చెప్పుకొను అవకాశము కలుగును. ఉన్నదని చెప్పినచో అతనిని ఒంటరిగా విడువరాదు. మాత్రలు, పురుగుమందులవంటివి అందకుండ చేసి, వెంటనే వైద్యునివద్దకు తోడుగా పోవలెను. పోలీసుల భయమున దాచనక్కరలేదు. అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నట్లు భావించి శిక్షింపరాదని 2017 సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

జైన గృహములలో మరియొక సంగతి గమనింపవలెను. ఆకలి చచ్చి అన్నము మానినవానిని తపస్వియని పొరబడరాదు. తపస్సు చేయువాడు సంకల్పముతో మానును. రోగి తినలేక మానును. మందులు వాడువారు ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగవలెను. దేహమున నీరు తగ్గినచో లిథియమువంటి మందు రక్తమున హెచ్చి హాని చేయును. రాత్రి భోజన త్యాగము పాటించువారు మాత్రల వేళను సూర్యాస్తమయమునకు ముందు అమర్చవచ్చునా అనియు అడుగవచ్చును. అడుగక మందు మానుట వ్రతము కాదు, ప్రమాదము.

వైద్యము దూరమున నున్నదను మాట నేడు అంతగా చెల్లదు. తెలుగువారు చిరకాలముగా నివసించుచున్న బళ్ళారి జిల్లాలోనే, 1980 దశకమున బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు, సిబ్బందికి తర్ఫీదు ఇచ్చి పల్లెలలో మానసిక చికిత్స అందించవచ్చునని నిరూపించినది. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు అదియే మాదిరి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, రాత్రింబవళ్లు ఉచితముగా మాట్లాడవచ్చును. ఒడిస్సాలోనో మహారాష్ట్రలోనో స్థిరపడి, బజారులో ఆ ప్రాంతపు భాషను ధారాళముగా మాట్లాడు వర్తకుడు సైతము దుఃఖము చెప్పుకొనవలసివచ్చినప్పుడు ఇంటి భాషనే వెదకును. తెలుగును ఆ సేవలోని భాషలలో నొకటి. భాష చాలనిచోట వైద్యునివద్ద తోడుగా కూర్చుండి సాయపడుటయు బంధువుల పనియే.

సాయము చేయువాడు వైద్యుడు కానక్కరలేదు, కాబోవుటయు తగదు. భారమునంతయు ఒక్కడే మోసినచో వాడును కుంగును. ఇంటిలో ఇరువురు ముగ్గురు పంచుకొనవలెను.

ప్రతి సంవత్సరమును క్షమాపణ దినమున కుటుంబములు ఇల్లిల్లు తిరిగి క్షమ కోరుకొనుట ఆచారము. ఆ దినమున ఎవరు వచ్చిరో అందరును చూతురు. ఎవరు రాలేదో కూడ చూచి, ఒక్కరు వారి యింటికి పోయి, కొంతసేపు కూర్చుండి, కుశలమడిగి, వారు చెప్పినది వినవలెను. స్థితీకరణమునకు అది మంచి ఆరంభము.