ఇంటి జాగా – ఒక నీతి ప్రశ్న

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో పన్నెండు పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. వాటిలో జహీరాబాదు ఒకటి. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు అని పత్రికలు ప్రకటించాయి. ఆ వార్త చదివి నేను సంతోషించాను. ఊరికి మేలు జరుగుతుందని కాదు, నా విద్యార్థులకు ఉద్యోగాలు వస్తాయని కూడా కాదు. ఊరి చివర నేను కొన్న రెండువందల గజాల జాగాకు ధర పెరుగుతుందని సంతోషించాను. తరగతి గదిలో ఏళ్ళ తరబడి అదనపు విలువను గురించి పాఠం చెప్పినవాణ్ణి నేను. నా సంతోషాన్ని నేనే కొంత పరీక్షించుకోవలసి ఉన్నదని ఆ సాయంకాలమే తోచింది. ఈ వ్యాసం ఆ పరీక్ష.

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మనిషి గూడు కోరుకోవటం తప్పు కాదు. కిరాయి ఇళ్ళలో బ్రతికినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. ఇల్లు అడగబోతే ముందు కులమడుగుతారు, తరువాత మతమడుగుతారు, ఆ తరువాత వంటింట్లో ఏమి వండుతారో అడుగుతారు. ఈ మూడు పరీక్షలూ గడిచినా ఏడాది తిరక్కుండానే కిరాయి పెంచుతారు. పదకొండేళ్ళలో అయిదిళ్ళు మారిన కుటుంబం మాది. పిల్లవాడు గోడకు మేకు కొట్టబోతే వద్దని చెయ్యి పట్టుకోవలసిన ఇంట్లో మనిషి తలెత్తి బ్రతుకుతున్నాడని చెప్పగలమా? కనుక సొంత ఇంటి కోరికను మధ్యతరగతి బలహీనత అని కొట్టిపారవేసేవారితో నేను ఏకీభవించను. అది స్వేచ్ఛకు సంబంధించిన కోరిక.

అయితే కోరిక ఒకటి, దాన్ని తీర్చుకొనే మార్గం మరొకటి. మన ప్రశ్న అక్కడే మొదలవుతున్నది.

జహీరాబాదు హైదరాబాదుకు దాదాపు నూరు కిలోమీటర్ల దూరాన, బొంబాయి రహదారి మీద ఉన్నది. 1980ల నుంచి ఇక్కడ వాహనాల కర్మాగారం నడుస్తున్నది. ఆల్విన్ నిస్సాన్ పేరుతో మొదలై మహీంద్రా చేతికి వచ్చింది. ఆ తరువాత నిమ్జ్ వచ్చింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలోని పదిహేడు గ్రామాల పరిధిలో 12,635 ఎకరాల పారిశ్రామిక మండలి అని ప్రకటన. కర్మాగారాలు ఇంకా లేవకముందే ప్లాట్లు లేచాయి. చెరకు, కంది పండిన చేలల్లో తెల్లరాళ్ళు మొలిచాయి.

ఈ బజారులో కొనేవారు రెండు రకాలు. ఉండటానికి కొనేవారు కొందరు, ఉంచటానికి కొనేవారు కొందరు. రెండవ రకంవారు హైదరాబాదులో ఉంటారు. కొన్న జాగాను రెండవసారి చూడటానికి కూడా రారు. బజారు ఈ ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెడుతుంది. ఒకరికి అది తల దాచుకొనే చోటు, మరొకరికి సొమ్ము దాచుకొనే చోటు. పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పటానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు. ఉపాధ్యాయుడు భార్య నగలు కుదువబెట్టి, చిట్టీ పాడి వచ్చేసరికి, “నిన్నటి ధర నిన్నటితో పోయింది సార్, ఇయ్యాల బయానా పెట్టకుంటే రేపు ఇదీ దొరకదు” అంటాడు మధ్యవర్తి. వాడు అబద్ధమాడటం లేదు. అదే విచారకరం.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ప్రతి జాగాకూ రెండు ధరలున్నవి. కాగితం మీద ప్రభుత్వ విలువ, చేతికి చేయి అసలు ధర. 2021 నుంచి రిజిస్ట్రేషను ఖర్చు విలువలో ఏడున్నర శాతం. కాగితం మీద తక్కువ చూపితే ఇద్దరికీ కలిసివస్తుంది. బ్యాంకు మాత్రం కాగితం ధరనే నమ్ముతుంది గనుక, మిగతాది అధిక వడ్డీకి అప్పు తేవలసి వస్తుంది. నేనూ అలాగే కొన్నాను. నల్లధనాన్ని గురించి సభలలో మాట్లాడిన నోటితోనే ఆనాడు సాక్షుల ముందు తక్కువ ధర చదివి వినిపించాను. అందరూ చేసేదే అనుకొన్నాను. దోపిడీ వ్యవస్థ మంచివాళ్ళను మొదట తన వాడుకకు అలవాటు చేసేది ఈ మాటతోనే.

సరే, గజం ధర పెరిగింది. పెంచినది ఎవరు? నేను అక్కడ ఒక చెట్టయినా నాటలేదు. రహదారి ప్రజల పన్నులతో వేసినది. కర్మాగారం విలువ కార్మికుల శ్రమ. ఇక పరిశ్రమల భూమి సంగతి చూడండి. 2015లో రాష్ట్రప్రభుత్వం 123వ నంబరు ఉత్తర్వు ద్వారా, 2013 నాటి కేంద్ర చట్టానికి పక్కగా, రైతుల నుంచి నేరుగా భూములు కొనే పద్ధతి పెట్టింది. భూమి ఉన్నవాడికి ధర ముట్టింది. భూమి లేక, ఆ భూమిమీదనే కూలి చేసుకొని బ్రతికినవాడి మాటేమిటి? వాడు అమ్మవలసిందేమీ లేదు, కనుక వాడికి రావలసిందీ ఏమీ లేదన్నారు. ఈ ప్రాంతపు వ్యవసాయ కూలీలే న్యాయస్థానానికి వెళ్ళారు. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఆ తరువాత అప్పీళ్ళు, కొత్త ఉత్తర్వులు, చట్ట సవరణలు నడిచాయి. ఆ చరిత్రంతా ఇక్కడ చెప్పబోవటం లేదు. ఒక్కటి గమనించండి: ఆ కూలీలు పోగొట్టుకొన్న పనిదినాల మీద నా గజం ధర పెరిగింది. నేను వారిని ఎన్నడూ చూడలేదు. చూడకుండానే వారి నుంచి తీసుకొన్నాను.

అయితే నేనేమి చేయవలసింది? కొనకుండా ఉండవలసిందా? నేను మానుకొంటే ఆ జాగా కూలీకి చేరదు; హైదరాబాదువాడికి చేరుతుంది. నేను మరొక యజమానికి కిరాయి కడుతూ ఉంటాను. ఒంటరి సన్యాసం నీతి కావచ్చునేమో గాని, అది ఈ బజారులో ఒక గజం ధరను కూడా తగ్గించదు. పోనీ, దానం? 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా ముందు నూరెకరాలు దానం ప్రకటించారు. గొప్ప ఘట్టమే. కాని దాతల మనసు మీద ఆధారపడిన భూమి సమస్య ఆ మనసు మారినప్పుడల్లా మారుతుంది.

1872లో ఎంగెల్స్ గృహసమస్యను గురించి వ్యాసాలు వ్రాస్తూ, ప్రతి కార్మికుణ్ణీ ఇంటి యజమానిని చేస్తే సమస్య తీరుతుందన్న ప్రూధోన్ శిష్యులతో వాదించాడు. సొంత ఇంటికి కట్టుబడిన కార్మికుడు యజమానికి మరింత లొంగిపోతాడని హెచ్చరించాడు. పెద్ద నగరాలలో ఉన్న ఇళ్ళనే సక్రమంగా వాడుకొంటే తక్షణ కొరత తీరుతుందనీ అన్నాడు. మన ఊరి చుట్టూ ముళ్ళకంపలు మొలిచి పడివున్న ప్లాట్లను చూస్తే ఆ మాట పాతబడలేదని తెలుస్తుంది. 1879లో హెన్రీ జార్జి, సమాజం పెంచిన భూమి విలువను పన్ను రూపంలో సమాజమే తీసుకోవాలన్నాడు. 1923లో వియన్నా నగరపాలక సంఘం విలాసగృహాల మీద బరువైన పన్ను వేసి, 1934 లోపల అరవై వేలకు పైగా ఇళ్ళు కట్టించి కార్మికులకు స్వల్ప కిరాయికి ఇచ్చింది. ఆ నగరంలో నేటికీ పురపాలక గృహాలు రెండు లక్షలకు పైగా ఉన్నవి. కనుక బజారు తప్ప వేరే దారి లేదన్న మాట చరిత్ర ఎరుగనివారి మాట.

అంత దూరం పోనక్కరలేదు. మన చట్టాలలోనే ఈ వివేకమున్నది, కాని వంకరగా ఉన్నది. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, భూమిలేని పేదకు ప్రభుత్వమిచ్చిన భూమిని, ఇంటి స్థలాన్ని అమ్ముకోరాదన్నది. అంటే, నేల బ్రతకటానికేగాని వ్యాపారానికి కాదన్న సూత్రం ప్రభుత్వానికి తెలుసు. ఆ సూత్రాన్ని అది పేదవాడికి మాత్రమే బోధిస్తున్నది! ఇరవై ప్లాట్లు కొని తాళం లేని గల్లాపెట్టెలుగా వాడుకొనేవాడికి ఆ పాఠం లేదు.

నా దృష్టిలో నీతి సరిహద్దు ఇక్కడున్నది. ఇంటి మీద మనిషికి రెండు రకాల ఆశలుంటాయి. ఒకటి, అందులో నిర్భయంగా ఉండాలని. రెండవది, దాని ధర పెరగాలని. మొదటి ఆశను అందరమూ కలిసి పెట్టుకోవచ్చు. నాకు గూడు దొరికితే పక్కవాడి గూడు కూలదు. రెండవ ఆశకు మాత్రం పక్కవాడి ఓటమి కావాలి. నా తరువాత వచ్చే ఉపాధ్యాయుడు, నా తరువాత వచ్చే కార్మికుడు ఎంత ఎక్కువ చెల్లిస్తే నాకంత లాభం. రిజిస్ట్రేషను కార్యాలయపు గడప ఇవతల నేను వారిలో ఒకణ్ణి. అవతల వారి ఎదుటి పక్షంవాణ్ణి. మధ్యలో మారినది ఒక సంతకం మాత్రమే.

సంతకమంటే జ్ఞాపకం వచ్చింది. మా ప్లాట్ల యజమానులు కొందరు ఈమధ్య ఒక విజ్ఞాపనపత్రం తెచ్చారు. పక్కనున్న ప్రభుత్వ స్థలంలో పేదలకు ఇళ్ళు కట్టించే ఆలోచన ఉన్నదని విన్నారట. అది మాన్పించాలని కోరిక. కాగితంలో పారిశుద్ధ్యం, ప్రశాంతత అని వ్రాసి ఉన్నది. నోటితో మాత్రం ధర పడిపోతుందన్నారు. వచ్చినవారిలో ఉపాధ్యాయ సంఘంలో నాతో కలిసి పనిచేసినవారున్నారు. చూసి చెబుతానని కాగితం తీసుకొన్నాను. మూడవనాడు సంతకం లేకుండా తిరిగి ఇచ్చాను. ఇందులో వీరత్వమేమీ లేదు. సిగ్గుపడవలసిన సంగతి, ఆ మధ్య రెండు రోజులు ఎందుకు పట్టినవన్నదే.

దున్నేవానికే భూమి అన్న నినాదంతో ఈ తెలంగాణ గడ్డ ఒకనాడు లేచింది. నివసించేవానికే ఇల్లు అన్నది దానికి నేటి కొనసాగింపు. ఖాళీగా ఉంచిన జాగాల మీద పన్ను కోరటం, కార్మికులకు పురపాలక కిరాయి ఇళ్ళు కోరటం, భూమి కోల్పోయిన కూలీకి ధరలో వాటా కోరటం – వీటికోసం సంఘాలు పనిచేయాలి. ఈ మూడూ నెగ్గితే నా గజం ధర తగ్గుతుంది. ఆ సంగతి తెలిసి కూడా వాటికోసం చెయ్యి ఎత్తగలిగినప్పుడే, నేను కొన్నది ఇంటి జాగా అని చెప్పుకొనే హక్కు నాకు వస్తుంది.