గురువు లేని విద్యకు దక్షిణ

విద్యను పంచిపెట్టువానిని లోకము ఉదారుడని కొనియాడును. దాచుకొనువానిని లోభియని నిందించును. బడిలో చెప్పు చదువు విషయమున ఈ తీర్పు సులభమైనదే. కాని చేతిపనినే నమ్ముకొని ఆలుబిడ్డలను పోషించుకొనువాని యెడల ఈ తీర్పు చెల్లునా? ఈ ప్రశ్న మాకు శాస్త్రగ్రంథములలో ఎదురుపడలేదు. ఒకనాటి సాయంకాలము పాత కోటొకటి కుట్లు విప్పుచుండగా ఎదురుపడినది.

నేడు అనేక దేశములందు ఒక అభిరుచి వ్యాపించి యున్నది. నూరేండ్ల క్రిందటి ఉడుపులను, ఇన్నూరేండ్ల క్రిందటి ఉడుపులను, ఆ కాలపు పద్ధతిలోనే కత్తిరించి కుట్టుటకు తమంతట తామే నేర్చుకొనువారు బయలుదేరినారు. వీరిలో దర్జీకుటుంబములవారు తక్కువ. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు ఎక్కువ. పగలు తమ పనులు చూచుకొని, రాత్రివేళ కూర్చుండి, గుర్రపు వెండ్రుకలు కలిపి నేసిన కాన్వాసును కోటు రొమ్ముభాగమునకు చేర్చి చేతితో కుట్టుచుందురు. నేర్చినదానిని చిత్తరువులతో సహా ఒకరికొకరు తెలుపుకొనుచుందురు. అంగడిలో కోటు దొరకుచుండగా ఈ శ్రమ యెందుకని అడుగువారున్నారు. సంగీతమును అంగడిలో దొరకుచునే యున్నది. ఐనను మన యిండ్లలో పిల్లలు స్వరములు నేర్చుట మానలేదు గదా! కనుక ఆ శ్రమను గూర్చి మాకు సందేహము లేదు. మా సందేహము వేరు. ఇట్లు నేర్చినవారికి గురువెవడు? వీరెవరికైన ఋణపడి యున్నారా? యున్నచో ఆ ఋణము తీర్చుకొను త్రోవ యేది?

ఇట్టి ప్రశ్న పుట్టగానే మనవారికి ఏకలవ్యుడు జ్ఞప్తికి వచ్చును. ఆ కథను బాల్యమున మేము గురుభక్తికి దృష్టాంతముగా చదివితిమి. వయసు వచ్చిన పిమ్మట, విద్య కొందరి సొత్తుగా నిలుచుటకు జరిగిన అన్యాయముగా చదివితిమి. సూది చేతపట్టిన తరువాత మరియొక సంగతి తోచినది. ద్రోణుడు ఆ బాలునికి ఏమియు నేర్పలేదు. నేర్పనివాడు దక్షిణ అడిగినాడు. అది అన్యాయమే. కాని ఏకలవ్యుడు తన విద్య తనయొక్కనిదే యని ఎన్నడును అనలేదు. ఋణమున్నదని ఒప్పుకొనుట అతని గొప్పతనము; దానిని చెల్లించిన చోటు మాత్రము తప్పు. బొటనవ్రేలు లేనివాడు వింటినే కాదు, సూదిని సైతము పట్టలేడు. ఆ వ్రేలు పోవుటతో అతని విద్య అతనితోనే ఆగిపోయినది. తరువాత నేర్వదలచిన వారికి చూపుటకు అతనియొద్ద చేయి మిగులలేదు.

కుట్టుపని చరిత్రయందును ద్రోణులకు కొదువ లేదు. పారిసు నగరమున దర్జీల శ్రేణి బలమైనది. 1675 వరకు స్త్రీల ఉడుపులు కుట్టు హక్కు సైతము అచట చట్టరీత్యా మగదర్జీలదే. స్త్రీలు చాటుమాటున కుట్టుచునే యుండిరి. పట్టుబడినచో గుడ్డ పోవును, జరిమానా పడును. ఆ యేట పదునాలుగవ లూయీ రాజు కుట్టుపని స్త్రీలకు ప్రత్యేక శ్రేణి నొసగెను. అప్పుడును కార్సెట్లు కుట్టు హక్కు దర్జీలు వదలుకొనలేదు. 1791లో విప్లవప్రభుత్వము శ్రేణులనన్నిటిని రద్దు చేయువరకు ఈ కంచెలు ఏదో యొక రూపమున నిలిచియే యుండెను. ఒక జాతి స్త్రీలు తమ రవిక తాము కుట్టుటకు రాజశాసనము కావలసివచ్చినదన్నచో, విద్యను దాచుట యెంతదూరము పోగలదో చదువరులే యూహింపవచ్చును.

ఆ కంచెను దాటించిన వారిలో పుస్తకములు వ్రాసినవారు ముఖ్యులు. స్పెయినులో హువాన్ దె ఆల్సెగా 1580లోనే మాడ్రిడ్డున ఒక గ్రంథము అచ్చువేయించి, ఏ వెడల్పు గుడ్డపై ఏ ముక్కలు ఎట్లు పరచిన గుడ్డ కలిసివచ్చునో పటములు గీచి చూపెను. ఫ్రాన్సులో గార్సో అను నతడు 1769లో దర్జీవిద్యపై పుస్తకము ప్రకటించెను. ఇతడు దర్జీ కాడు. ఆ దేశపు శాస్త్ర అకాడమీవారు చేతిపనులన్నిటిని వర్ణించి అచ్చువేయ పూనుకొనగా, ఆ వరుసలో అతడు దర్జీల పనిని విచారించి వ్రాసెను. ఆ కాలమునకు అంగుళములు గుర్తించిన టేపు ఇంకను వాడుకలోనికి రాలేదు. దర్జీ పొడుగైన కాగితపు పట్టెను మనిషి మేనికి ఆనించి, భుజమున కొకటి, నడుమున కొకటిగా కత్తెరతో గంట్లు పెట్టెడివాడు. మనిషి కొక పట్టె. ఆ పట్టె పోయినచో కొలత పోయినట్లే. పందొమ్మిదవ శతాబ్దమున టేపు వచ్చినది. దానితో ఛాతి కొలతను ఆధారము చేసికొని తక్కిన కొలతలను దాని భాగములుగా లెక్కకట్టు పద్ధతులును వచ్చినవి. 1863లో అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అను దర్జీ, వేర్వేరు కొలతలకు సరిపోవు కాగితపు నమూనాలను అమ్మకమునకు పెట్టెను. అది మొదలు ఇంటింట గృహిణి కత్తెర పట్టి కోయగలిగినది.

ఐనను పుస్తకమునకొక మేర కలదు. పాత దర్జీపుస్తకములు చదివినవారికి ఈ చిక్కు తెలియును. గీత ఎచట గీయవలెనో, ఎన్ని అంగుళములు వదలవలెనో చక్కగా చెప్పును. కత్తిరించిన పిమ్మట ఏమి చేయవలెనన్నచో దాదాపు మౌనము వహించును. అంగడిలో మేస్త్రీ ప్రక్కన కూర్చుండి కుర్రవాడు అదంతయు ముందే నేర్చియుండునని వ్రాసినవారి భావము. ఆ అంగళ్లు మూతపడినవి. ఆ కుర్రవాండ్రు వృద్ధులై గతించిరి. నేడు నేర్వదలచినవానికి ఆ మౌనమే పెద్ద గోడ.

ఆ గోడ దాటుటకు మిగిలిన దారి పాత ఉడుపే. ఇంగ్లండులో జానెట్ ఆర్నాల్డ్ అను విదుషి ఈ మార్గమున చేసిన కృషి మరువరానిది. ఆమె మ్యూజియములలో భద్రపరచిన పాత దుస్తులను కొలిచి, అతుకులు, కుట్లు, లోపలి గుడ్డలు పరిశీలించి, చదరపు గళ్ల కాగితముపై పటములుగా గీచెను. తొలి సంపుటము 1964లో వెలువడినది. 1560 మొదలు 1620 వరకు గల ఉడుపుల సంపుటము 1985లో వచ్చినది. ఆమె 1998లో గతించెను. ఆ పటములను చూచి కుట్ట నేర్చినవారు ఆమెకు శిష్యులని చెప్పవచ్చునేమో. కాని ఆమె గురువులెవరు? పేరైన తెలియని దర్జీలు!

ఇక మా కోటు సంగతి. ఒకప్పుడు మన ప్లీడర్లు, ఉపాధ్యాయులు పంచెపైని మెడవరకు బొత్తాములు గల పొడుగు కోటు తొడిగి, తలపాగా చుట్టి కచేరికి, బడికి పోవుచుండెడివారు. అట్టి నల్లని ఉన్నికోటు మా తాతగారిది పెట్టెలో నుండెను. చిమ్మట కొట్టినందున అస్తరు మార్చవలెనని విప్పితిమి. అస్తరు తొలగగానే రొమ్ముభాగమున కాన్వాసు కనబడినది. దానిని ఉన్నిగుడ్డకు పట్టియుంచు ఏటవాలు కుట్లు వందలకొలది యుండెను. ఎడమప్రక్కవి వడ్లగింజలు పేర్చినట్లు ఒకే తీరున నున్నవి. కుడిప్రక్కవి అట్లు లేవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకచోట దారము బిగిసి గుడ్డ ముడుచుకొన్నది. మరియొకచోట విప్పి మరల కుట్టిన సూదిరంధ్రములు. నడుము దాటిన తరువాత కొంత కుదురుకొన్నవి. చూడగా చూడగా సంగతి తెలిసినది. ఎడమప్రక్క మేస్త్రీ చేయి. కుడిప్రక్క నేర్చుకొనుచున్న కుర్రవాని చేయి. మా తాతగారు ఆ కోటును ఏండ్ల తరబడి తొడిగియుందురు. తమ గుండెకు కుడివైపున ఒక బాలుని చదువు సాగినదని వారికి తెలియదు.

నిజము చెప్పవలెనన్నచో మాకు ఎక్కువ నేర్పినది ఆ కుడిప్రక్కయే. ఎడమప్రక్క కుట్టులో తప్పు లేదు గనుక కారణమును కనబడదు. దారము బిగించినచో ఏమగునో, కాన్వాసును చేతిపై వంచి పట్టనిచో రొమ్ము ఎందుకు చదునుగా నిలిచిపోవునో, ఆ కుర్రవాని పొరపాట్లు విప్పి చెప్పినవి.

అంత తెలిసినదని గర్వించి మేమొక కోటు కుట్టితిమి. చేతిభాగపు పైచుట్టు చంకచుట్టు కంటె అంగుళమున్నర ఎక్కువ యుండవలెనని, ఆ ఎక్కువను తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో కుదించవలెనని చదివి, అట్లే చేసితిమి. తొడిగి చూచుకొనగా చేతిపై ముడుతలు త్రాటివలె మెలిపడినవి. రెండు మారులు విప్పి కుట్టినను పోలేదు. తుదకు మా పట్టణమున కోట్లు కుట్టు ఒక వృద్ధ దర్జీకడకు తీసికొనిపోతిమి. ఆయన కండ్లద్దములు సవరించుకొని, కుట్లు కొంత విప్పి, చేతిభాగమును అర అంగుళము ముందుకు త్రిప్పి గుండుసూదులు గ్రుచ్చెను. ముడుతలన్నియు పోయినవి! “మనిషి నిలుచున్నప్పుడు చేయి తిన్నగా వ్రేలాడదండీ, ముందుకు వంగియుండును. మీరు గుడ్డను చూచినారు, మనిషిని చూడలేదు” అనెను. ఆ పిమ్మట, “పూటకూలి ఐదువందలు ఇచ్చిపోండి బాబుగారూ” అనెను.

మాకు మనసు చివుక్కుమన్నది. ఆయన కుట్టినదేమియు లేదు. నాలుగు సూదులు గ్రుచ్చెను, ఒక మాట చెప్పెను. విద్య పంచినకొలది పెరుగునని పెద్దలు చెప్పలేదా? ఇంటికి వచ్చు దారిలో మా తెలివి కొంత మేలుకొన్నది. ప్లీడరు ఒక మాట చెప్పినచో రుసుము ఇత్తుము. వైద్యుడు నాడి చూచినచో ఇత్తుము. వారి విద్య విద్య. దర్జీ విద్య మాత్రము ఊరి బావి వంటిది, ఎవరు పోయి తోడుకొన్నను అడుగరాదు! కులముల మెట్లను కాదనువారమని చెప్పుకొనుచు మేము ఆ మెట్లమీదనే నిలిచి బేరమాడితిమి. మాకీ పని వినోదము, ఆయనకు అన్నము. విద్యాదానపు నీతిని జీతగాండ్రము చెప్పుట సులువు.

మరునాడు పోయి, “మాస్టరుగారూ, మీరు చెప్పిన సంగతి నలుగురికి వ్రాసి తెలుపవచ్చునా?” అని అడిగితిమి. ఆయన నవ్వి, “వ్రాసుకోండి. నా పేరు మాత్రము వేయకండి, వచ్చినవారందరు ఊరకనే అడుగుదురు” అనెను. ఆయన కుమారుడు రెడీమేడు దుస్తుల దుకాణమున లెక్కలు వ్రాయుచున్నాడట. నేర్చుకొనుటకు ఎవరును రానిచోట రహస్యమెందుకు, ఎవరికొరకు, అని మేమనుకొన్నమాట ఆయన ముఖమునను కనబడినది.

కనుక మాకు తోచినదిది. గతించినవారియొద్ద, పుస్తకములయొద్ద, పాత కోటుయొద్ద నేర్చినదానిని దాచుకొను హక్కు ఎవనికిని లేదు. వారికి మరల ఇచ్చు వీలు లేదు గనుక, రాబోవువారికి ఇచ్చుటయే చెల్లింపు. బ్రతికియున్న పనివానియొద్ద తెలిసికొన్నదానికి మొదట ఆయన కూలి, పిమ్మట ఆయన అనుమతి. ఆ రెండును లేనిది దానము కాదు, దొంగసొత్తు పంచుట.

గురువు లేక నేర్చినవారు తప్పులే వ్యాపింపజేయుదురని ఒక ఆక్షేపణ కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. ఒకడు పొరపాటున చేసినదానిని పదిమంది పద్ధతియని కుట్టుచుండుట మేమే చూచితిమి. కాని దీనికి మందు నోరు మూసికొనుట కాదు. తుదికి నిగనిగలాడు కోటును మాత్రమే చూపువాడు నేర్పువాడు కాడు, మెప్పు కోరువాడు. మెలిపడిన చేతిని, విప్పిన కుట్లను చూపువానియొద్ద చూచువాడు తనకు తానుగా మంచిచెడ్డలు తేల్చుకొనగలడు. మాయింటికి కుట్టు నేర్చుకొన వచ్చు ఇరుగుపొరుగు ఆడపిల్లలకు మేము మొదట చూపునది ఆ పాడైన చేతినే. వారు నవ్వుదురు, నవ్వనిండు.

తాతగారి కోటు మరల కుట్టునపుడు ఒక పిల్ల, “ఈ కుడిప్రక్క కుట్లు వంకరగా నున్నవి, విప్పి తిన్నగా వేయనా?” అని అడిగెను. వలదంటిమి. కాన్వాసు ఇంకను గట్టిగనే యున్నది. చిమ్మట తిన్న చోట మాత్రము మాటు వేసి, ఆ పిల్లచేతనే, ఆ కుట్లమీదుగా క్రొత్త అస్తరు కుట్టించితిమి.