పియానో లేని ఆదివారం

ఇవాళ ఒక జాజ్ రికార్డింగు గురించి చెప్పాలనుంది.

1957 నవంబరు 3, ఆదివారం. న్యూయార్క్‌లో మెట్లు దిగి వెళ్లే నేలమాళిగ క్లబ్బు, విలేజ్ వాన్‌గార్డ్. అక్కడ సానీ రోలిన్స్ టెనర్ సాక్సోఫోన్ వాయిస్తుంటే బ్లూ నోట్ సంస్థ టేపు చేసింది. ఆయనకప్పటికి 27 ఏళ్లు. తోడు బాస్, డ్రమ్స్, అంతే. పియానో లేదు.

ఆ లేకపోవడంలోనే ఉంది అందమంతా. జాజ్‌లో మామూలుగా పియానో స్వరాలను గుత్తులుగా పలికిస్తూ, పాట ఏ మలుపులో ఉందో చెబుతూ ఉంటుంది. రోలిన్స్ ఆ ఆసరా వద్దనుకున్నాడు. ఒకసారికి ఒక్క స్వరమే పలికే వాద్యంతో ఆ మలుపులన్నీ తానే వినిపించాలి. ఎంత ధైర్యం! ఆయన ఆగినచోట మౌనం కూడా పాటలో భాగమైపోతుంది.

మధ్యాహ్నం, రాత్రి వేరువేరు వాద్యకారులు తోడున్నారు. నాకు రాత్రి భాగమే ప్రాణం. బాస్ మీద విల్బర్ వేర్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్. ‘సానీమూన్ ఫర్ టూ’ వినండి. చిన్న పలుకు, మూడుసార్లు వస్తుంది. దాన్నే విరిచి, సాగదీసి, తిరగేసి ఎంత దూరం తీసుకెళ్తాడో!

ఇంత వాయించినవాడే 1959లో కచేరీలు మానేసి, విలియమ్స్‌బర్గ్ వంతెన మీద రెండేళ్లపాటు సాధన చేశాడు. తనకింకా చాలదనిపించింది.

మొదటిసారి వినేవాళ్లు ముందు బాస్ మీద చెవి పెట్టండి. దాని నడక పట్టుబడ్డాక సాక్సోఫోన్ ఎక్కడికెళ్లినా మీకు దారి తెలుస్తుంది.