మనదైన దానికి మరల వెల ఇయ్యవచ్చునా?



తుంగభద్ర కాలువ నీళ్ళను నమ్ముకొని గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నుండి సిరుగుప్ప తాలూకాకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో డిగ్రీ వరకు చదివిన ఆడపిల్లలు నేటికిని కొద్దిమందే. హచ్చొళ్ళిలో అట్టి ఒక అమ్మాయి బి.యస్సీ. ఉత్తీర్ణురాలైనది. తండ్రి ఇతరుల పొలములలో కూలి. మార్కుల కార్డులన్నియు చేతిలో ఉన్నవి. పట్టాకు రుసుము కట్టిన రసీదు కూడ దాచుకొన్నది. సంవత్సరము దాటినను పట్టా రాలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫైలు కనబడుట లేదన్నారు. రెండవసారి, పదవ తరగతి కాగితములో ఇంటిపేరు ఒక విధముగా, ఇక్కడ మరియొక విధముగా ఉన్నదన్నారు. అఫిడవిట్ చేయించి ఇచ్చినది. మూడవసారి సూపరింటెండెంటు సెలవులో ఉన్నారు. నాల్గవసారి బయట టీ అంగడి దగ్గర ఒక అటెండరు మెల్లగా చెప్పినాడు, 2,000 రూపాయలు ఇస్తే సాయంత్రానికి ఫైలు దొరుకుతుందని. అది ఏ విశ్వవిద్యాలయమో, సరిహద్దుకు ఏ వైపున ఉన్నదో ఇక్కడ వ్రాయము.

ఆ 2,000 సంఘపు పెట్టెలో నుండి అప్పుగా ఇమ్మని తండ్రి మా దగ్గరకు వచ్చినాడు. ఎందుకో దాచకుండ చెప్పినాడు. వైద్యమునకని అబద్ధమాడియుంటే అడిగిన వెంటనే ఇచ్చియుందుము. నిజము చెప్పినందుననే మాకు చిక్కు వచ్చినది.

డీకన్లలో ఒకరు, "ఇది లంచము కాదు. అర్హత లేనిది కొనుక్కొంటే లంచము. ఆమె చదివినది, వ్రాసినది, ప్యాసైనది. దారిలో దొంగ కత్తి చూపితే డబ్బిచ్చి ప్రాణము దక్కించుకొనుట పాపమా?" అని అడిగినారు. సామెతలు 18:16 కూడ తీసి చూపినారు; కానుక మనుష్యునికి దారి తెరచునన్న మాట అక్కడ ఉన్నది గదా. ఈ వాదనను తేలికగా త్రోసివేయలేము. లేఖనములలో గద్దింపు ఎక్కువగా పుచ్చుకొనువాని మీదనే ఉన్నది. ఇచ్చువాడు అనేక చోట్ల నలిగినవాడే.

మేము తిరిగి తిరిగి చదివినది అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయము. పౌలు ఫేలిక్సు ఎదుట నిలిచి, తాను తన జనులకు దానద్రవ్యము తెచ్చితినని చెప్పినాడు. ఆ మాట అధిపతి చెవిలో పడిన తరువాతనే అతనికి ఆశ పుట్టినదని అనుకొనుటకు కారణమున్నది. ద్రవ్యము దొరుకునని మాటిమాటికి పిలిపించి మాటలాడినాడు. పౌలు నిరపరాధి, విడుదల అతనికి న్యాయముగా రావలసినది. అయినను ఇయ్యలేదు. రెండు సంవత్సరములు చెరలో గడచిపోయినవి.

మన బాప్టిస్టు పితరులకు ఇంగ్లాండులో ఇట్టి పరీక్షయే వచ్చినది. కేంబ్రిడ్జిలో చదువవచ్చును, పరీక్షలు వ్రాయవచ్చును. అయితే పట్టా కావలెనన్న యెడల తాము ఆంగ్లికన్ సంఘస్థులమని సంతకము చేయవలెను. ఆక్స్‌ఫర్డులో చేరునప్పుడే చేయవలెను. ఒక్క సిరా గీత! చదువు వారిదే, జ్ఞానము వారిదే. అయినను మనస్సాక్షి గలవారు ఆ గీత గీయలేదు. ఆక్స్‌ఫర్డులో 1854లో, కేంబ్రిడ్జిలో 1856లో మొదటి పట్టాలకు ఈ అడ్డు తొలగినది. 1861లో గణితములో కేంబ్రిడ్జి అంతటికి ప్రథముడైన ఆల్డిస్ బాప్టిస్టు. పట్టా దొరికినది గాని ఫెలో పదవి దొరకలేదు. 1871 చట్టముతో ఆ అడ్డు కూడ చాలవరకు పోయినది. అయితే ఈ మధ్య కాలమంతయు వారు ఊరకుండలేదు. ఇతరులతో కలిసి 1826లో లండనులో మతపరీక్ష లేని కళాశాల నిలిపినారు. 1836 నుండి లండన్ విశ్వవిద్యాలయము పట్టాలిచ్చుటకు అధికారము పొందినది.

ఒక మాట మరువరాదు. ప్రతి ఆలస్యము లంచము కొరకే కాదు. మన బళ్ళారి సంగతే చూడుడి. తాతలు మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద చదివినారు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రములో కలిసినది. తరువాత కాగితములు ధారవాడకు, 1980 నుండి గుల్బర్గాకు, 2010 నుండి బళ్ళారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమునకు. ఒకే ఇంటి మూడు తరముల పట్టాలు మూడు నాలుగు పట్టణముల బీరువాలలో ఉండును. అట్టి చోట్ల దుమ్ములో చేయిపెట్టి పాత రిజిస్టరు వెదకి ఇచ్చిన గుమాస్తాలను మేమెరుగుదుము. టీ కూడ త్రాగలేదు. కనుక గుమాస్తా అనగానే ఫేలిక్సు అనుకొనరాదు.

వాదన నడుమ మాలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు గారిని ఉదాహరించినారు. ఖద్దరు విడువనందుకు మద్రాసు వైద్య కళాశాలలో ఆచార్యుని కోపమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. రాక ఎల్.ఎం.ఎస్.తోనే బయటకు వచ్చినారు. 1930లో హార్వర్డులో డాక్టరేటు పొందినారు. అంతవరకు ఊరకున్న ఆ తండ్రి, "ఆయనకు అమెరికా దొరికింది అయ్యగారూ. మా అమ్మాయికి ఏమి దొరుకుతుంది?" అన్నాడు. ఎవరమును మాటాడలేదు.

అప్పుడు అదే అధ్యాయములో 23వ వచనము మా కంట పడినది. పౌలుకు ఉపచారము చేయుటకు అతని వారిని ఆటంకపరచవద్దని ఫేలిక్సే శతాధిపతికి ఆజ్ఞాపించినాడు. అనగా పౌలు చెరలో ఒంటరిగా వేచియుండలేదు. మేమో, ఒక కూలివాని కుమార్తెను నాలుగుసార్లు ఒంటరిగా పంపి, ఇప్పుడు నీతిగా వేచియుండుమని చెప్పుచున్నాము. ఇయ్యవద్దనుట మాకు సులభము. వెల కట్టునది ఆమె.

అప్పు ఇయ్యలేదు. అయిదవసారి ఇద్దరు డీకన్లు ఆమెతో వెళ్ళి కార్యాలయము మూయువరకు అక్కడే కూర్చున్నారు. 2005 సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, ఫైలు ఏ తేదీ నుండి ఎవరి బల్ల మీద ఉన్నదో తెలుపుమని దరఖాస్తు ఇచ్చినారు. దానికి 30 దినములలో జవాబియ్యవలెను. అర్హత పొందిన 180 దినములలో పట్టా ఇయ్యవలెనను యు.జి.సి. 2008 నిబంధనను కూడ అందులో వ్రాసినారు. 2018 సవరణ తరువాత లంచమిచ్చుట కూడ నేరమే. బలవంతము మీద ఇచ్చినవాడు ఏడు దినములలో అధికారులకు తెలిపితేనే మినహాయింపు. ఈ సంగతి మాలో చాలమందికి అంతవరకు తెలియదు.

పట్టా వచ్చినది. అయితే ఆమె దరఖాస్తు చేయదలచిన ఉద్యోగమునకు గడువు అప్పటికి పదకొండు దినముల క్రిందటనే ముగిసినది.

తరువాతి సంఘ కూటములో అదే 2,000 రూపాయలు పెట్టెలో నుండి తీసి, రాబోవు దరఖాస్తుల రుసుములకు, బస్సు ఛార్జీలకు ఆమెకిచ్చితిమి; అప్పుగా కాదు. తండ్రి వచ్చి చేవ్రాలు చేసి తీసికొన్నాడు. మాతో ఏమియు అనలేదు.