అలవాటుపడిన ముక్కు

ఇంద్రియాలు ఉన్నది ఉన్నట్టు చెబుతాయని మనం నమ్ముతాం. నిజానికి అవి మార్పునే ఎక్కువగా పట్టించుకుంటాయి. 2019 చివర్లో కార్చిచ్చుల పొగ సిడ్నీని కమ్మినప్పుడు కెల్లీవిల్‌లో తలుపులు బిగించుకున్నాం. అయినా ఆ గాలిలో కాసేపు మసలితే వాసన తెలిసేది కాదు. పొగ మాత్రం అలాగే ఉండేది. ఒకే వాసన ఆగకుండా తగిలితే ముక్కులోని నాడీకణాలు, మెదడు రెండూ స్పందన తగ్గించుకుంటాయి. కొత్తగా వచ్చే ప్రమాదాన్ని పసిగట్టడానికి ఇది అవసరమే.

మనస్సుకూ ఈ గుణం ఉంది. మన ఇంటి ఇంగువ వాసన పొరుగువారికి తెలిసినంతగా మనకు తెలియదు. పెళ్ళి సంబంధం మాట రాగానే కులం అడగడమూ అంతే. వాసన తెలియనంత మాత్రాన గాలి శుభ్రమైనట్టు కాదు. ఇక్కడ పుట్టిన పిల్లలు "ఎందుకడుగుతారు?" అంటే, వాళ్ళను కసిరే ముందు ఆ ప్రశ్నకు మనం జవాబు వెతుక్కోవాలి.