ఎర్ర గుంపు కనిపించని చోట

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒకే గదిలో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఇద్దరు స్నేహితులు ఉండేవారు. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే గడిపేవారు. ఒకడిది భీమిలి దారిలోని మంగమారిపేట, జాలరి కుటుంబం. రెండోవాడిది నల్లగొండ జిల్లాలో చెరువు కింది ఊరు. ఈటెతో కొర్రమట్టలను కొట్టడం చిన్ననాడే వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. సముద్రంలోనూ ఒకసారి ఈటె పట్టి చూడాలని సంక్రాంతి సెలవులకు స్నేహితుడి వెంట బయల్దేరాడు.

స్నేహితుడి తాత ఇద్దరినీ పడవలో రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "ఒకడు మునిగితే ఒకడు పైనుండి సూడాల. ఇద్దరూ ఒక్కపాలి మునగకూడదు."

నల్లగొండ కుర్రాడు దిగాడు. రాతి సందులో పెద్ద గ్రూపర్ చేప కనబడింది. అంత చేపను వాళ్ల చెరువులో ఎన్నడూ చూడలేదు. ఆగలేక సందులోకే ఈటె వదిలాడు. తగిలింది. చేప గింజుకుని, ఒళ్లు చీల్చుకుని, రాళ్ల లోపలికి పోయింది. వంతులవారీగా దిగి ఎంత వెతికినా దొరకలేదు. బతకదని ముగ్గురికీ తెలుసు.

తాత కోప్పడలేదు. "మీ సెరువులో కొర్రమట్ట పిల్లలు పెడితే ఎలగుంటాది నాయనా?" అని అడిగాడు.

"నీళ్ల మీద ఎర్రగ గుంపు తేలుతది తాతా. కింద పెద్దవి కావలుంటయి. ఆడికి ఈటె ఎయ్యం. పెద్దవాటిని కొడితె పిల్లల్ని వేరే చేపలు తింటయి."

"ఎవరు సెప్పినారు?"

"మా నాయిన."

"ఇక్కడ ఎర్ర గుంపు కనబడదు. ఈ రాళ్లలోని పెద్దవాటిని సానా కోసినాను. ఒక్కదాన్లోనూ జన, అదే గుడ్లు, సూడలేదు. జనంతా నడిపివాట్లోనే. మరీ సిన్నవాట్లో ఏదీ ఉండదు. మీ నాయన అక్కడ సెప్పిన మాట ఇక్కడ నీకు నువ్వే సెప్పుకోవాల."

మర్నాడు కుర్రాడు చాలాసార్లు దిగాడు. ఒక చేపకు తోక తప్ప ఏమీ కనబడలేదు. ఇంకొకటి మరీ చిన్నది. చివరికి ఇసుక మీద, రాళ్లకు దూరంగా, ఓ మోస్తరు చేప వచ్చింది. అది ఏ జాతిదో తెలియలేదు. పైకొచ్చి తాతకు గుర్తులు చెప్పాడు. "తినేదే, కొట్టు" అన్నాడు తాత. మళ్లీ దిగేసరికి అది లేదు. ఆ రాత్రి తాత గాలానికి పడ్డ చేపతోనే కూర వండుకున్నారు. కుర్రాడు కడుపునిండా తిన్నాడు.

నీతి: ఈటె పట్టినవాడి ధర్మమంతా ఈటె వదలకముందే ఉంది.

గాలానికి పడ్డ చిన్న చేపను తిరిగి నీళ్లలో వదలవచ్చు. ఈటె దిగినదానికి ఆ వీలు లేదు. అయితే, చూసి, పోల్చుకుని, ఇది చాలు అనుకున్న ఒక్కదాన్నే తీసుకునే వీలు వలకన్నా ఈటెకే ఎక్కువ. అందుకే ఈ విద్యను నేను గౌరవిస్తాను. ఆ ఎంపిక వదులుకుంటే ఇందులో మిగిలేది చంపడమే.

తాత కత్తితో తెలుసుకున్నది నిజం. గ్రూపర్లలో చాలా జాతులు ఆడవిగా ఎదిగి, ఏళ్ల తర్వాత, ఒళ్లు పెరిగాక మగవవుతాయి. కొత్తవాడి కన్ను ముందుగా పడేది ఆ పెద్దదాని మీదే. దాన్ని తీసేస్తే ఆ రాళ్లలో మగది కరువవుతుంది. గ్రూపర్లన్నిటిలోకీ పెద్దదైన జెయింట్ గ్రూపర్‌నూ, సముద్రపు తాబేళ్లనూ, నీటి గుర్రాలనూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి ఇచ్చిన గడువది. ఈటె పట్టేవాళ్లూ ఆ రోజుల్లో ఒడ్డునే ఉండాలని నా గట్టి నమ్మకం.

తాత షరతు వెనుకా ప్రాణాల లెక్క ఉంది. మునిగే ముందు గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, గాలి కావాలన్న తహతహ ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ తగ్గిపోయి, పైకొస్తూ స్పృహ తప్పవచ్చు. పక్కన మనిషి లేకపోతే అంతే. మునకకూ మునకకూ మధ్య, నీళ్లలో ఉన్నంత సేపటికి కనీసం రెట్టింపైనా పైన తేలుతూ తేరుకోవాలి.

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లాంటి చోట ఉండి ఈటె వేట నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈటె కొనకముందు తెల్లవారుజామున రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లాలి. వంజరం ఏదో, చందువ ఏదో, పేరు తెలియనిది ఏదో అమ్మేవాళ్లనే అడగాలి. కోసేచోట నిలబడితే ఎంత చేపలో జన పట్టిందో కనబడుతుంది. ఒక్కో చేపకు జన పట్టే కాలం ఒక్కోటి కాబట్టి, వేర్వేరు నెలల్లో వెళ్లి చూడాలి.